ఎవరి ముఖానికి ఈ ధూపం

కొత్తగా చేరిన పాఠకుల కోసం, చదివి మరిచిపోయినవాళ్ల కోసం, ముందుగా నాలుగు ముక్కలు. నా పేరు దియెప్. హనోయ్‌లో పటాలు కట్టే దుకాణం నాది, యుద్ధకాలపు ప్రచార పోస్టర్లు పోగుచేయడం నా పిచ్చి. మూడు వారాల కిందట పాతకాగితాలు కొనే ఆవిడ తన సైకిల్ బుట్టలోంచి ఒక పోస్టర్ తీసి ఇచ్చింది. అచ్చు వేసింది కాదు, చేత్తో రంగులద్దింది. ఎర్రటి ఆకాశం, నది, లారీని మోస్తున్న పడవ, పడవ ముందు ఆకుపచ్చ చొక్కాలో ఒక సైనికుడు. అన్నీ ఉన్నాయి, అతని ముఖం తప్ప. ముఖం ఉండాల్సిన చోట ఎవరో ఎంతో ఓపిగ్గా కోసిన కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉంది. వెనకవైపు వాన్ సా గ్రామ సహకార సంఘం ముద్ర. ఆ ఊరి పేరు భోజనాల దగ్గర పైకి చదివాను. నా పోస్టర్లవైపు ఏనాడూ కన్నెత్తి చూడని మా నాన్న, ఖాయ్ ఆయన పేరు, అన్నం గిన్నె కింద పెట్టి "నేనూ వస్తాను" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఇద్దరం కలిసి వాన్ సా చేరి, ఊళ్లోవాళ్లు చూపించిన న్యాన్ బామ్మ ఇంటి గుమ్మం ఎక్కేసరికి, నేను వెతుకుతున్న ముఖం ఎదురుగా పూజపీఠం మీద పటంలో కనిపించింది. అది ఆవిడ కొడుకు హోవాన్ ముఖమని, అతను యుద్ధంలో పోయాడని చెప్పారు. మేం తెలియక వచ్చిన ఆ రోజే అతని తద్దినం.

ఇక ఆ గుమ్మం దగ్గరికే పోదాం.

బయట తుంపర పడుతోంది. రెండో నెలలో మా వైపు పడే ఆ సన్న జల్లు వానో, పొగమంచో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. జుట్టు మీద తెల్లగా నిలుస్తుంది, తుడిచి చూస్తే చేతికి ఏమీ అంటదు. లోపల ధూపం పొగ. రెండూ గుమ్మం దగ్గర కలుసుకుని, ఇల్లు ఎక్కడ అయిపోయిందో వాన ఎక్కడ మొదలైందో తెలియకుండా చేశాయి. ఎక్కడో ఒక బాతు అరిచింది. ఆ అరుపు కూడా నిద్రలోంచి వినిపించినట్టే ఉంది. పీఠం మీద ఉడికించిన కోడి, జిగురన్నం, వెదురు చిగుళ్ల పులుసు, వాటి వెనక పొగలో తేలుతూ ఆ ముఖం. ఎర్రటి బుగ్గలు, పైకి చూస్తున్న కళ్లు, పెదవి మీద మొదలై ఆగిపోయిన నవ్వు.

నాకు ముందు కలిగింది భక్తీ కాదు, జాలీ కాదు. ఆశ. నా సంచిలో చుట్టచుట్టి ఉన్న పోస్టర్ గుర్తొచ్చి, ఆ ముఖం ఈ రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుందా అని కళ్లతోనే కొలిచాను. చనిపోయినవాడి పటం ముందు నిలబడి అంగుళాలు కొలిచే మనిషిని ఏమంటారో నాకు తెలుసు. పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్లకి సిగ్గు ఆలస్యంగా వస్తుంది. నాకు మరీ ఆలస్యం.

"అలా నిలబడిపోయారేంటక్కా, చెప్పులక్కడ వదిలేసి లోపలికి రండి," అంది వంటింట్లోంచి పళ్లెంతో వచ్చిన లుయెన్. బామ్మ మేనల్లుడి భార్య ఆవిడ. మొగుడు ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే బామ్మను కనిపెట్టుకుని ఉంటుంది. "పిలవకుండా తద్దినానికి వచ్చినవాళ్లని పోయినవాళ్లే పిలిచారంటారు మా ఊళ్లో. మా హోవాన్ బావగారికి హనోయ్‌లో చుట్టాలున్నారని నాకింతవరకూ తెలీదు సుమండీ."

"చుట్టాలం కాదమ్మా," అన్నాను.

"అన్నం తిని వెళ్లాక అవుతార్లెండి."

న్యాన్ బామ్మ పీఠం పక్కన చాప మీద కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లు. నడుం వంగింది కానీ కళ్లు వంగలేదు, ఇప్పటికీ సూదిలో దారం తనే ఎక్కించుకుంటుందట. పాతకాలపు పద్ధతిలో రంగు వేయించుకున్న నల్లటి పళ్లు. మేం గేటు తీసినప్పటినుంచి ఆవిడ చూపు మా నాన్న మీదే ఉంది. వయసొచ్చిన మగవాడు ఇంటికొస్తే ఆ మర్యాద మామూలే అనుకున్నాను.

మా వైపు తద్దినానికి ఎవరొచ్చినా, తెలిసి వచ్చినా దారి తప్పి వచ్చినా, ముందు పీఠం దగ్గర ధూపం వెలిగించాలి. ఆ తర్వాతే కూర్చోవడం, తినడం, కబుర్లు. బామ్మ నాకు పుల్లల కట్ట చూపించింది. నేను మూడు తీసి, వెలిగించి, తలవంచి, ఇసక గిన్నెలో గుచ్చాను. ఇంకో మూడు బామ్మ తనే తీసింది, తనే దీపానికి తాకించింది, మంట ఆర్పి, పొగ లేస్తున్న పుల్లల్ని రెండు చేతులతో నాన్నకి అందించింది.

నాన్న చేతులు చాచలేదు.

"తీసుకో నాయనా," అంది బామ్మ.

"వద్దమ్మా."

లుయెన్ చేతిలో పళ్లెం ఆగిపోయింది. ఆవిడ నాకేసి చూసింది, నేను నాన్నకేసి చూశాను. నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తడిసిన టోపీ కూడా తీయకుండా, నేల మీద ఇటుకల్ని చూస్తున్నాడు.

"నాన్నా," అన్నాను మెల్లగా, పళ్ల మధ్యనుంచి. "ఏం చేస్తున్నావు నువ్వు? ఇంటికొచ్చి ఇలాగేనా?"

"నేను వెలిగించకూడదు దియెప్."

"ఎందుకూ? దారిలో మతమేమైనా మార్చుకున్నావా?"

లుయెన్ పళ్లెం బల్ల మీద పెట్టింది. చప్పుడు కావాలనే చేసిందని నాకు అర్థమైంది. "పోన్లెండి అక్కా, బలవంతం దేనికి. పట్నం వాళ్లు. పల్లెటూరి కుర్రాడికి మూడు పుల్లలు వెలిగిస్తే చేతులు నల్లబడతాయేమో. ఆ కుర్రాడు చచ్చేటప్పుడు మాత్రం పట్నమా, పల్లెటూరా అని చూసుకోలేదు."

నా తల సిగ్గుతో వంగిపోయింది. మా నాన్న పద్దెనిమిదేళ్లు రైలు వర్క్‌షాపులో ఎవరితోనూ మాటపడకుండా పనిచేసిన మనిషి. వీధిలో ఎవరి శవం వెళ్లినా లేచి నిలబడి టోపీ తీసే మనిషి. ఆ మనిషి ఒక తల్లి చేతిలో పొగలేస్తున్న ధూపాన్ని అలా గాలిలో వదిలేస్తాడని కలలో కూడా అనుకోను. పుల్లల కొసన బూడిద పొడుగ్గా పెరుగుతోంది. బామ్మ మాత్రం వాటిని వెనక్కి తీసుకోలేదు.

"చెప్పు నాయనా," అంది. "ఎందుకు వెలిగించకూడదో చెప్పి మానెయ్యి. నేనేం అనుకోను."

నాన్న తలెత్తకుండానే అన్నాడు.

"బతికున్నవాడు తన బొమ్మకి తనే ధూపం వెయ్యకూడదమ్మా."

ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. మాటలు విడివిడిగా తెలుస్తున్నాయి, కలిపితే తెలియడంలేదు. పీఠంకేసి చూశాను. గాలి మళ్లిందేమో, పొగ పక్కకి పోయింది. పటంలో కుడి కనుబొమ మధ్యలో చిన్న తెగుదల ఉంది. చిత్రకారుడు కుంచె ఎత్తి, వెంట్రుకవాసి చోటు వదిలి, మళ్లీ మొదలుపెట్టినట్టు. ఆ తెగుదల నాకు తెలుసు. చిన్నప్పుడు గాలిపటం వెదురుబద్ద తగిలి తెగిందని నాన్న చెప్పేవాడు. పుట్టినప్పటినుంచి అన్నం గిన్నెకి అవతల నేను రోజూ చూసిన కనుబొమ అది. ఇందాకటినుంచి ఆ ముఖం ముందు నిలబడి కొలతలు తీశాను కానీ ముఖం చూడలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

మా నాన్నకి పంతొమ్మిదేళ్ల ముఖం ఉండేదని నాకెప్పుడూ తట్టలేదు. ఆయన పాత ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

లుయెన్ మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "అంటే ముప్పై అయిదేళ్లుగా మేం బతికున్న మనిషికి తద్దినం పెడుతున్నామా?" ఆవిడ గొంతులో కోపం పోయి భయం వచ్చింది. బతికున్నవాడి బొమ్మ పీఠం మీద పెట్టి ధూపం వేస్తే వాడి ఆయువు పుల్లతోపాటే కాలిపోతుందని మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. "బాబాయ్ గారూ, మీ ఒంట్లో... ఒంట్లో ఎలా ఉంటుంది?"

"దగ్గుంది," అన్నాడు నాన్న.

"అయ్యయ్యో, దగ్గట," అంది లుయెన్ నాకేసి తిరిగి, ఆ దగ్గు తనే పంపించినట్టు.

నేను బామ్మ వైపు చూడలేకపోయాను. ఆ ఇంట్లో కొడుకు ఫొటో లేదు. ఆ రోజుల్లో పల్లెటూరి కుర్రాళ్లకి ఫొటోలెక్కడివి. ఆ తల్లికి ఉన్నదల్లా ఈ రంగుల ముక్క. ప్రతి ఏడూ కోడిని కోసి, జిగురన్నం వండి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్న ముఖం కొడుకుది కాదని ఇప్పుడు ఆవిడ చెవినపడింది. మేం రాకపోయి ఉంటే బాగుండేది. ఆ పాతకాగితాల ఆవిడ సైకిల్ మా వీధిలోకి రాకపోయి ఉంటే ఇంకా బాగుండేది. ఆ క్షణంలో నా దుకాణం, నా గోడల నిండా ఉన్న పోస్టర్లు, అన్నీ ఈ తడిలో నానిపోయినా నాకు బాధ ఉండేది కాదు.

బామ్మ ఆ మూడు పుల్లల్నీ తనే తీసుకెళ్లి ఇసకలో గుచ్చింది. వెనక్కొచ్చి కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకోసాగింది.

"కూర్చో నాయనా," అంది. "నిలబడి చెప్పుకునే మాటలు కావు. టోపీ తియ్యి, ముఖం కనబడనీ."

నాన్న టోపీ తీసి గడప పక్కన కూర్చున్నాడు. బామ్మ ఆయన నుదురు, కనుబొమ, చెవులు ఒక్కొక్కటిగా చూసింది.

"అది నా బిడ్డ కాదని నాకు తెలుసు," అంది.

లుయెన్ నోరు తెరిచింది. "పెద్దత్తా, నీకు తెలుసా?"

"నేను కన్నవాడి ముఖం నాకు తెలీదంటే నువ్వెందుకే నమ్మావు? బొమ్మ వచ్చిన రోజే తెలుసు. వాడి కబురొచ్చిన నాలుగు నెలలకి వచ్చింది. వాడి పేరు రాసిన చీటీ కూడా దాంతోనే వచ్చింది. సహకార సంఘం ముంగిట తడిక మీద వెదురు ముళ్లతో గుచ్చారు. డప్పు కొట్టారు. ఊరంతా వచ్చి హోవాన్, హోవాన్ అన్నారు. రంగుల్లో వేస్తే కుర్రాళ్లంతా ఒకటే కదా. బుగ్గలు ఎర్రగా, కళ్లు ఆకాశంలో. నా బిడ్డ కళ్లెప్పుడూ నేల మీదే ఉండేవి. సిగ్గరి. బాతుల్ని తోలుకొచ్చేటప్పుడు కూడా వాటికి దారిచ్చి పక్కకి నిలబడేవాడు."

"మరి తాతయ్య?" అని అడిగాను.

"మా ఆయన దాని ముందు కూలబడి, అచ్చం వాడే, అచ్చం వాడే అని ఏడ్చాడు. అప్పటిదాకా ఒక్క చుక్క కళ్లనీళ్లు పెట్టలేదు ఆయన. ఏడుస్తున్న మనిషి చేతిలో గుడ్డ లాక్కుంటామా తల్లీ? ఊరుకున్నాను. ఆయన పోయేదాకా ఊరుకున్నాను. తర్వాత ఎవరికి చెప్పాలి?"

బొమ్మ తగిలించిన మర్నాడు మిట్టమధ్యాహ్నం, అందరూ పొలంలో ఉండగా, ఆవిడ వక్కలు కోసే కత్తి పట్టుకెళ్లి ఆ ముఖాన్ని కోసుకొచ్చింది. సంఘం పెద్ద ఇంటిమీదికి వచ్చి, సర్కారు బొమ్మ కోస్తావా అని కేకలేశాడట. పై అధికారులకి రాస్తే ముందు తననే అడుగుతారని భయపడి, మిగిలిన పోస్టర్‌ని చుట్టి ధాన్యం కొట్టు అటక మీద పడేశాడు. ఆ కొట్టు పడగొట్టినప్పుడు అది పాతకాగితాల్లోకి, అక్కడినుంచి నా దగ్గరికి వచ్చింది. ఊళ్లలో గోడల మీద అతికించిన పోస్టర్లన్నీ వానలకి పోయాయి. ఇది మిగిలిందంటే ఆ రంధ్రం పుణ్యమే.

"తెచ్చావుగా," అంది బామ్మ నా సంచి చూసి. "పరుచు, చూద్దాం."

చాప మీద పరిచాను. మూలలకి నాలుగు టీ గిన్నెలు పెట్టాను. బామ్మ పటం దింపించి, వెనక మేకులు తనే ఊడదీసి, ముఖాన్ని రెండు వేళ్లతో పట్టుకుని రంధ్రంలో పెట్టింది. వెంట్రుకంత సందు కూడా మిగల్లేదు. ఏళ్లతరబడి ధూపం తిని ముఖం కాస్త పసుపు తిరిగింది, చుట్టూ రంగులు మాత్రం అటక చీకట్లో దాచుకున్నట్టే ఉన్నాయి. ఎర్రటి ఆకాశం కింద, నది మధ్యలో, పడవ ముందు నిలబడి మా నాన్న పైకి చూస్తున్నాడు. నిండు యవ్వనంలో, దేనికీ భయపడనివాడిలా. గది అంతా నీళ్ల మీద తేలుతున్నట్టు అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు బామ్మా గుర్తులేదు, హోవానూ గుర్తులేడు. ఇంత అందమైన పోస్టర్ నా జన్మలో చూడలేదు.

"నేను ఆ పడవ ఎక్కలేదు," అన్నాడు నాన్న.

ఆయన ముఖం పోస్టర్‌లో ముఖానికి ఎదురుగా ఉంది. ఒకటి పైకి చూస్తోంది, ఒకటి కిందికి.

"ఒక మామిడిచెట్టు కింద, బల్ల మీద కూర్చున్నాను. పడవ ఆ చిత్రకారుడు తర్వాత వేసుకున్నాడు. ఆయన పుస్తకంలో హోవాన్ పేరే ఉంది, ముందురోజు వాణ్ణే ఎంచుకున్నాడు కాబట్టి. మేమందరం ఒకేలా ఉన్నామేమో, మనిషి మారాడని ఆయనకి తెలియలేదు."

"నాకు తెలిసింది," అంది బామ్మ.

ఆవిడ పీఠం కింది పెట్టెలోంచి రెండు కాగితాలు తీసింది. మడతల దగ్గర గుడ్డపేలికలు అతికించి ఉన్నాయి. ఒకటి లుయెన్‌కి ఇచ్చి చదవమంది. లుయెన్ ఎన్నోసార్లు చదివినట్టుంది, కాగితం చూడకుండానే చెప్పింది. "అమ్మా, రేపు మధ్యాహ్నం ఒక చిత్రకారుడు నా బొమ్మ వేస్తాడట. ఇంతమందిలో నన్నే ఎంచుకున్నాడు. నాకు ఒకటే నవ్వు. బొమ్మ మన ఊరికి పంపిస్తారట. నాన్నకి చెప్పు."

"అది రాసింది రెండో నెల పదకొండో తారీఖున," అంది బామ్మ. "ఈ రెండోది పైవాళ్లు పంపింది. నాకు చదవడం రాదు నాయనా. ఊరి మాస్టారి చేత పదిసార్లు చదివించుకున్నాను. పన్నెండో తారీఖు మధ్యాహ్నం, రేవులో, పడవ మీద ఉండగా బాంబు పడిందని రాసుంది. బొమ్మకి కూర్చోవాల్సినవాడు పడవ మీద ఎలా ఉన్నాడు? పెద్ద ఊరెళ్లి అడిగాను. యుద్ధంలో పొరపాట్లు జరుగుతాయమ్మా, తారీఖులు అటూ ఇటూ అవుతాయి అన్నారు. సరే అని వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. మూడేళ్లు తిరిగాను. ఆఖరికి వాళ్లు నాకు టీ ఇచ్చి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు మానేశాను."

బయట తుంపర చప్పుడే లేదు. చూరునుంచి మాత్రం ఎప్పుడో ఒక చుక్క రాలుతోంది. నాకు భయం వేయడం మొదలైంది. దేనికో నాకప్పుడే తెలుసు. ఆ మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు చోటు మార్చుకున్నారు. ఒకడు చెట్టు కింద నీడలో కూర్చున్నాడు, ఇంకొకడు వాడి బదులు పడవెక్కాడు. ఆ మార్పు జరగకపోతే ఇవాళ నేను లేను.

"బామ్మా," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడి దాన్ని ఆపాలని. "కొడుకు కాదని తెలిసి కూడా ఎందుకు కోసి తెచ్చుకున్నావు? ఎందుకు పీఠం మీద పెట్టావు?"

"ఎందుకేంటి తల్లీ. నా బిడ్డ చోట కూర్చున్నవాడు ఒకడున్నాడుగా. వాడు కూడా చచ్చిపోయుంటే, పాపం, ఆ ధూపం వాడికి ముడుతుంది. బతికుంటే ఎప్పటికైనా ఈ గుమ్మానికి వస్తాడు. వచ్చినప్పుడు నేను ఆనవాలు పట్టాలి. అప్పటికి ముసలాడైపోతాడు, ముఖం మారిపోతుంది, ఏటికేడూ ఎదురుగా పెట్టుకుని చూసుకుంటేగాని మరిచిపోతాను. అందుకని పెట్టుకున్నాను." ఆవిడ నాన్నవైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది. "గేటు దగ్గరే అనుకున్నాను నాయనా. ధూపం ఇచ్చి చూశాను. వేరేవాడైతే తీసుకునేవాడు."

లుయెన్ తన కండువా కొసని వెతుక్కుని కళ్లకి అద్దుకుంది. నాన్న రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. బొమ్మకి కూర్చున్నప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంటాడు.

"ఒక్కటే అడుగుతాను," అంది బామ్మ. "నా బిడ్డ దేనికీ ముందుకొచ్చి అడిగే రకం కాదు. చోటు మార్చుకుందామని ముందు అడిగింది ఎవరు?"

"దియెప్, నువ్వు బయటికెళ్లు," అన్నాడు నాన్న.

నేను లేవబోయాను. బామ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎండిన చెయ్యి, కానీ పట్టు గట్టిగా ఉంది.

"ఉండనీ," అంది. "ఈ పిల్ల కూడా ఆ మధ్యాహ్నంలోంచి వచ్చిందే. విననీ."

నాన్న నావైపు చూశాడు. ముప్పై మూడేళ్లలో ఆయన నన్ను క్షమించమని అడగడం అదే మొదటిసారి, మాట మాత్రం పైకి రాలేదు. తర్వాత బామ్మ కళ్లలోకి చూశాడు.

"అడిగింది నేనేనమ్మా," అన్నాడు. "ఊరికే అడిగితే వాడు ఒప్పుకోలేదు. బొమ్మ మీకు పంపిస్తారని వాడికి ఎంతో ఆశ. అందుకని వాడికి ఒక అబద్ధం చెప్పాను. వాడు అది విని, చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరుగెత్తాడు. ఆ అబద్ధం మీ గురించే."